కళ్ళగంతలు గారికి ఒక ప్రేక్షకుడి విన్నపం

మహారాజశ్రీ కళ్ళగంతలు గారి సముఖమునకు,

నిద్ర పట్టని రాత్రుళ్ళు యూట్యూబ్‌లో 'వాట్స్ మై లైన్?' పాత ఎపిసోడ్లు చూసే జబ్బు నాది. 1950 నుంచి 1967 దాకా అమెరికాలో సీబీఎస్ చానల్లో వచ్చిన ఆటలెండి, వచ్చిన మనిషి చేసే పనేమిటో నలుగురు ప్రముఖుల ప్యానెల్ అవును-కాదు ప్రశ్నలడిగి కనిపెట్టాలి. ఆ ప్యానెల్‌లో ఆర్లీన్ ఫ్రాన్సిస్, డోరతీ కిల్గాలెన్, బెనెట్ సెర్ఫ్ లాంటి పెద్దవాళ్ళ కళ్ళ మీద మీరు దర్జాగా కూర్చునేవారు. పగేం లేదు. ఒక్క సందేహం అడుగుదామని ఈ ఉత్తరం.

మీరు అందరికీ ఎందుకు రారండీ?

మామూలు మనిషి వచ్చినప్పుడు చూస్తాను. పాపం, సుద్దముక్కతో బోర్డు మీద పేరు రాసుకుంటాడు. వెళ్ళి ఆట నడిపే జాన్ డేలీ పక్కన కూర్చుంటాడు. వచ్చినాయన పనేమిటో తెర మీద రాసి మాకు చూపిస్తారు, ప్యానెల్‌కి మాత్రం చెప్పరు. జీతమా, సొంత వ్యాపారమా అన్న ఒక్క ముక్క డేలీ గారు దానం చేస్తారు. ఆ పైన ప్రశ్నలు. జవాబు 'కాదు' అయినప్పుడల్లా వచ్చినాయనకి 5 డాలర్లు. పది 'కాదు'లైతే 50 డాలర్లు, ఆట ముగింపు. అంతకు మించి ఒక్క పైసా రాలదు. ఆ 50 డాలర్ల కోసం సూటూ బూటూ, పట్టు గౌనులూ, నగలూ వేసుకుని నలుగురు ప్రముఖులు ముఖాలు చిట్లించుకుని ఆలోచిస్తారు. మొదటి రోజుల్లో అయితే వచ్చినవాణ్ణి వాళ్ళ ముందు నుంచి నడిపించి, చేతులు కూడా చూసేవారు. సంతలో ఎద్దును చూసినట్టే. పళ్ళు లెక్కపెట్టలేదు, అదే పదివేలు.

అప్పుడు మీరు ఎక్కడా కనపడరు. కళ్ళు బార్లా తెరిచే ఉంటాయి. ఎందుకు మూయాలి? ఆ ముఖాన్ని గుర్తుపట్టేదెవరు?

మిస్టరీ గెస్టు, అంటే ఎవరో ప్యానెల్ కనిపెట్టాల్సిన పేరున్న మనిషి, వస్తున్నాడంటే మాత్రం మీరు హాజరు. స్టూడియోలో చప్పట్లు దద్దరిల్లుతాయి, ఎవరో పెద్ద తారేనని చెవిటివాడికి కూడా తెలిసిపోతుంది. వచ్చినాయన గొంతు మార్చి కీచుమంటాడు. ప్యానెల్ వాళ్ళు 'సినిమాల్లో ఉంటారా?' అని మొదలుపెడతారు. మా వైపు గానుగెద్దుకి గంతలు కడతారు, తిరిగిన చోటే తిరుగుతున్నానని దానికి తెలియకుండా. మీ ఉద్యోగం కూడా అదేనేమో అని నా అనుమానం. సాల్వడార్ డాలీ వచ్చినప్పుడు ఒక్కడే ఆ గానుగ విరగ్గొట్టాడు. ఏమడిగినా దాదాపు 'అవును' అనేశాడు. చిత్రకారుడు కదా, మరి వాళ్ళు అడిగినవన్నీ తనే అనుకుని ఉంటాడు!

మీ పక్షపాతానికి సాక్ష్యం కావాలంటే ఉంది. ఆట ఆగిపోయాక మళ్ళీ వేరే చానళ్ళలో మొదలైంది కదా, 1973లో దానికి జార్జియా గవర్నర్ ఒకాయన వచ్చాడు. సాక్షాత్తూ గవర్నరు! మీరు రాలేదు. ప్యానెల్ కళ్ళారా చూసింది, ముఖం చూసి ఎవరూ పోల్చుకోలేదు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయాల్సి వచ్చింది. ఆయన పేరు జిమ్మీ కార్టర్. 1977 జనవరిలో అమెరికా అధ్యక్షుడయ్యాడు. అప్పుడు ఇదే షోకి పిలిచి ఉంటే మీరు పరిగెత్తుకుంటూ వచ్చేవారే!

డేలీ గారి మీద మాత్రం నాకు గౌరవం. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిందన్న కబురు రేడియోలో చదివిన గొంతు అది. అదే గొంతుతో 'కాదు, అయిదు డాలర్లు' అంటుంటే యుద్ధమే మళ్ళీ మొదలైందేమో అనిపిస్తుంది. 1967లో చివరి రోజున ఆ మిస్టరీ గెస్టు ఆయనే. పదిహేడేళ్ళు పక్కనే కూర్చున్న మనిషికి కూడా గంతలు కట్టుకున్నారు చూడండి!

సరే, నా బోర్డు కూడా తెచ్చుకున్నాను. సుద్దముక్కతో పేరు రాశాను. జీతగాణ్ణి. మీరు రానవసరం లేదు, ఎవరి కళ్ళూ మూయక్కర్లేదు.

ఇట్లు,
పది 'కాదు'ల కోసం ఎదురుచూస్తున్న
ఒక ప్రేక్షకుడు