ప్రతి టెర్మినల్‌కీ వీటీ100 అని పేరు పెట్టేసి వెళ్లిపోకండి

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు హోల్‌సేల్ కొట్లలో గానీ సొసైటీల్లో గానీ పాత యునిక్స్ బిల్లింగ్ ఇంకా నడుస్తున్న చోట ఒకటే తంతు. కౌంటర్ మీది వైజ్ 60 టెర్మినల్, అంటే సర్వర్‌కి తగిలించిన స్క్రీన్, కీబోర్డు, పోతుంది. దాని చోట ఓ సెకండ్‌హ్యాండ్ పీసీ పెట్టి, టెర్మినల్‌లా పనిచేసే పుట్టీ అనే ప్రోగ్రాం వేస్తారు. స్క్రీన్ చెదిరితే, టెర్మినల్ రకమేదో చెప్పే టెర్మ్ సెట్టింగ్‌లో వీటీ100 అని మరో పాత టెర్మినల్ పేరు రాసి చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత అవస్థంతా కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తాది. దీన్ని రిపేరు అని డబ్బు తీసుకోవడం అన్యాయం.

ముందు తేల్చాల్సింది, ప్రోగ్రాం స్క్రీన్ కోడ్‌లని (కర్సర్ కదపడం లాంటి ఆదేశాలని), ఏ టెర్మినల్‌కి ఏ కోడ్ పంపాలో చెప్పే టెర్మ్‌ఇన్ఫో పట్టిక నుంచి తీసుకుంటోందా, లేక రాసినవాడు వైజ్ కోడ్‌లని లోపలే దిగ్గొట్టేశాడా అన్నది. పాత టెర్మినల్ పూర్తిగా పోకముందే స్క్రీన్‌కి వెళ్లేదంతా ఫైలులో రాసిపెట్టే స్క్రిప్ట్ కమాండ్ పెట్టి ఒక బిల్లు కొట్టండి. ఆ ఫైలుని, లోపలి బైట్లు చూపే ఓడీ -సీ కమాండ్‌తో చూడండి. టెర్మ్ మార్చి మళ్లీ అదే బిల్లు కొట్టండి. కోడ్‌లు మారితే టెర్మ్‌ఇన్ఫో వాడుతున్నట్టు. మారలేదంటే దిగ్గొట్టినవే.

తేడా ఎక్కడ కొడుతుందో చూడండి. కర్సర్‌ని ఆరో వరస, పదకొండో గడికి పంపాలంటే వైజ్ 60కి ఎస్కేప్ అనే కోడ్ తర్వాత =%* వెళ్తుంది. సున్నా నుంచి లెక్కపెట్టి 32 కలిపి, ఆ ఆస్కీ నంబరున్న గుర్తు పంపాలి: 5కి 37 అంటే %, 10కి 42 అంటే *. వీటీ100లో అదే పనికి ఎస్కేప్ తర్వాత చదరపు బ్రాకెట్, 6;11, చివర హెచ్. ఇప్పుడు వైజ్ కోడ్ వీటీ100కి చేరిందనుకోండి. ఎస్కేప్, = రెండూ కలిస్తే దానికి నంబర్ ప్యాడ్‌ని అప్లికేషన్ మోడ్‌లో (అంకెల బదులు వేరే కోడ్‌లు పంపే పద్ధతిలో) పెట్టమని అర్థం. మిగిలిన %* స్క్రీన్ మీద చెత్తలా పడుతుంది, నంబర్ ప్యాడ్ నొక్కితే అంకెలు రావు. పాపం షావుకారు చేత కొత్త కీబోర్డు కొనిపిస్తారు! పుట్టీ ఫీచర్స్‌లో అప్లికేషన్ కీప్యాడ్ మోడ్ ఆపితే అంకెలు వస్తాయి గానీ స్క్రీన్ ఏమీ బాగుపడదు.

దిగ్గొట్టిన కోడ్‌లైతే పుట్టీతో కాదు, అందులో వైజ్ లేదు. వైజ్‌లా నటించే ఎమ్యులేటరే కావాలి. విండోస్‌కి కెర్మిట్ 95లో వైజ్ 50, 60 రెండూ ఉన్నాయి. లినక్స్‌కి డబ్ల్యూవై60 అనే చిన్న ప్రోగ్రాం ఉంది, మామూలు టెర్మినల్‌లో దాన్ని నడిపి లోపల్నుంచి టెల్నెట్ చేయాలి. 50, 60 ఒకటే కదా అనుకోవద్దు. 50లో రివర్స్, అండర్‌లైన్ లాంటి ప్రతి మార్పూ ఒక గడి తినేస్తుంది, 60లో తినదు. తారుమారైతే రేటు కాలమ్ ఒక గడి పక్కకి జరుగుతుంది.

టెర్మ్‌ఇన్ఫో వాడే ప్రోగ్రాం అయితే పుట్టీ చాలు, కానీ టెర్మ్‌లో పుట్టీ అనే రాయండి. పాత సర్వర్‌కి ఆ పేరు తెలియకపోతే కొత్త లినక్స్‌లో ఇన్ఫోసీఎంపీ కమాండ్‌తో టెర్మ్‌ఇన్ఫోలోని పుట్టీ ఎంట్రీని ఫైలుగా తీసి, సర్వర్‌లో టిక్ కమాండ్‌తో ఎక్కించండి. బ్యాక్‌స్పేస్ కంట్రోల్-హెచ్ పంపాలో 127 నంబరు కోడ్ పంపాలో, సర్వర్‌లో ఎస్‌టీటీవై -ఎ కమాండ్ చూపే ఎరేజ్ విలువ చూసి పుట్టీలో పెట్టండి.

ఎఫ్ కీల సంగతి మన ఏజెన్సీ వైపు మరీ ముఖ్యం. ఎఫ్1 నొక్కితే పుట్టీ మామూలుగా ఎస్కేప్‌తో మొదలయ్యే అయిదు బైట్లు పంపుతుంది. కొండల మధ్య మొబైల్ నెట్ మీద బ్రాంచి నుంచి పని చేస్తుంటే అవి విడివిడిగా చేరొచ్చు. మిగతావి వచ్చేలోపు ప్రోగ్రాం గడువు దాటితే ఒట్టి ఎస్కేప్ నొక్కారనుకుని బిల్లు వదిలేసి బయటికొస్తుంది. ఎన్‌కర్సెస్ అనే స్క్రీన్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాం అయితే ఆ గడువు పెట్టే ఎస్క్‌డిలే పెంచండి, మామూలుగా అది 1000 మిల్లీసెకన్లు.

ఖాతాదారుల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో కావాలని అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ చాలా ఎమ్యులేటర్ల అక్షరాల వెడల్పు పట్టికల్లో ‘కి’ ఒక గడి, ‘కు’ రెండు గళ్లు. సర్వర్ లెక్క, స్క్రీన్ లెక్క కలవకపోతే ఆ వరసలో పేరు తర్వాతవన్నీ జరిగిపోతాయి. స్క్రీన్ మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి, తెలుగు బిల్లు, ఒడియా బిల్లు ప్రింటు వేరే ప్రోగ్రాంతో తీయండి.