సవరణ: ఫాస్ఫేట్ రియాక్టర్‌కు పంపు వేగం ఎంత?

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీళ్లను శుభ్రం చేసే గుళికల గుండా పంపు నీటిని నెట్టే పాత్రే రియాక్టర్; అందులో నింపే గుళికలనే మీడియా అంటారు.

‘రియాక్టర్‌లో మీడియా గిరగిరా తిరిగేలా పంపు పెట్టుకోండి’ అని గత పోస్టులో రాసిన మాట బయోపెల్లెట్లకే, అంటే బ్యాక్టీరియాకు ఆహారమయ్యే పాలిమర్ గుళికలకే, వర్తిస్తుంది. ఫాస్ఫేట్ తీసే జీఎఫ్‌ఓకి, అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలకు, పైపొర నెమ్మదిగా కదిలితే చాలు. వేగం ఎక్కువైతే గుళికలు రాసుకుని పొడై, తుప్పు రంగు నీళ్లు ట్యాంకులోకి వచ్చేస్తాయి. దయచేసి ఇది గమనించండి.

పంపు డబ్బా మీద ఉండే లీటర్ల లెక్క సున్నా ఎత్తు దగ్గరిది; నీళ్లు పైకి ఎక్కేకొద్దీ తగ్గుతుంది. అందుకే నా సలహా, కాస్త పెద్ద పంపే కొని వాల్వుతో తగ్గించుకోండి. వాల్వు మాత్రం పంపు నెట్టే వైపే ఉండాలి, పీల్చే వైపు వద్దు.

కొత్త మీడియాను ఆర్‌ఓ నీళ్లతో కడిగి, మొదట సగం మోతాదే వేయండి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు. టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ మిగతాది కలపండి.