భూగోళం కోసం మా వంతు దగ్గు

థర్మల్ పొగలోని గంధకం భూమిని చల్లబరుస్తుందట. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా అత్తయ్య దగ్గినప్పుడల్లా లేచి నిలబడి నమస్కారం పెడుతున్నాను.

ఎకసెక్కం కాదు. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ దేశంలోని థర్మల్ యూనిట్లలో దాదాపు 78 శాతాన్ని గంధకం కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువుకి హద్దు పెట్టిన నిబంధన నుంచి తప్పించింది. ఆ నిర్ణయానికి వత్తాసుగా వినిపించిన వాదనల్లో ఒకటి చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఎఫ్‌జీడీ అని ఒక యంత్రం ఉంది. పొగ గొట్టమెక్కే ముందు దానికి సున్నపురాయి నీళ్లతో స్నానం చేయించి గంధకాన్ని కడిగేస్తుంది. ఆ స్నానానికి కరెంటు కావాలి, సున్నపురాయి తవ్వాలి, లారీల్లో తోలాలి. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. పైగా ఎండకు గొడుగు పట్టే గంధకం కాస్తా పోయి భూమి ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి కడగొద్దు. నీళ్లు కాస్తే పుల్లలు ఖర్చవుతాయని పెళ్లికొడుకుని మంగళస్నానం లేకుండా పీటల మీద కూర్చోబెట్టినట్టుంది.

శాస్త్రం అబద్ధం కాదండోయ్. ఆ గంధకం గాలిలో కలిశాక తయారయ్యే సల్ఫేట్ రేణువులు ఎండని వెనక్కి కొట్టే మాట నిజమే. కాకపోతే అవి గాలిలో ఉండేది కొద్ది రోజులు. అదే గొట్టంలోంచి అదే క్షణంలో బయటికొచ్చిన కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు కూర్చుంటుంది. బొగ్గు తగ్గిస్తే రెండూ తగ్గుతాయి కదా అని అడగబోయాను. అంత చిన్న ప్రశ్న పెద్దవాళ్లని అడగకూడదని మానేశాను.

అందరికీ మినహాయింపు లేదు. ఢిల్లీ చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతానికో, 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన నగరానికో పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు 2027 డిసెంబరు కల్లా పొగ కడగాలి. అంటే ఇకమీదట పొగకి చదువు రావాలి. తెల్లవారుజామున గొట్టం దిగుతుంది, హైవే ఎక్కుతుంది, టీకొట్టు దగ్గర ఆగుతుంది. "బాబాయ్, పట్నం ఎంత దూరం?" "పన్నెండు కిలోమీటర్లు." "అమ్మయ్య, బతికించావు" అని పక్కనున్న ఊళ్లోకి తిరుగుతుంది. మొదటి ఇంటి అరుగు మీద పండక్కొచ్చిన అల్లుడు పళ్లు తోముకుంటున్నాడు. "తమరు పది లక్షల ఊరివారా? తప్పయిపోయింది బాబూ, మీ జోలికి రాను. అత్తగారు లోపలున్నారా?" లోపల అత్తగారి పక్కన ఒక పిల్లాడు. "నువ్వెప్పుడు పుట్టావు నాన్నా?" "2019." "అయ్యో, 2011 లెక్కల్లో నువ్వు లేవే! లెక్కలో లేనివాడికి ఊపిరితిత్తులెక్కడివి? కాస్త జరుగు, చోటివ్వు."

నిజం పొగకి ఈ మర్యాదలేవీ తెలియవు. పెద్ద యూనిట్లకి 275 మీటర్ల గొట్టాలు కట్టించింది దాన్ని దూరం తోలడానికే. దారిలో ఆ గంధకం గాలిలోని అమ్మోనియాతో కలిసి 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి రేణువై వందల కిలోమీటర్లు పోతుంది, ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతుంది, రక్తంలోకీ జారుతుంది.

మన బొగ్గులో గంధకం తక్కువ, అర శాతం లోపే అంటారు. తక్కువే. 500 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకి సుమారు 7 వేల టన్నుల బొగ్గు తింటుంది. 0.4 శాతం చొప్పున వేసుకున్నా 28 టన్నుల గంధకం. కాలితే రెట్టింపు, 56 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. ఒక్క యూనిట్, ఒక్క రోజు. ఈ "తక్కువ" ఏ కొలపాత్రతో కొలిచారో గానీ, మా ఊరి పాలవాడికి ఇలాంటిదొకటి ఉంది.

అత్తయ్య వాళ్లది థర్మల్ పక్క ఊరు. మొన్న వేసవిలో మేడ మీద పాత పంచె పరిచి మినప వడియాలు పెట్టింది. సాయంత్రం ఎత్తబోతే ప్రతి వడియం నెత్తినా బూడిదరంగు చుక్కలు. నువ్వులు కలిపావా అత్తయ్యా అన్నాను. "థర్మల్ వడియాలురా, ఉప్పు చూసి వేసుకోవాలి" అంది. నవ్వాం. వడియం మీద కనపడే బూడిద దులిపితే పోతుంది. కనపడనిది ఆవిడ మనవడి ఛాతీలో ఉంది. ఆరేళ్లవాడు. చలికాలం రాత్రి రెండింటికి నెబ్యులైజర్ బుర్రుమంటుంటే, ఆ మాస్కు తనే పట్టుకుని మొహానికి నొక్కుకుంటాడు. ఎవరూ నేర్పలేదు, అలవాటైపోయింది. గంధకం నిబంధన వచ్చింది 2015 డిసెంబరులో. రెండేళ్లలో కడగాలన్నారు. 2017 అన్నది 2022 అయింది, ఆ తర్వాత ఇంకా జరిగింది. దెయ్యం రాకుండా గుమ్మం మీద "రేపు రా" అని రాసుకున్నట్టు గడువులు రాసుకుంటూ పోయారు. వీడు పుట్టక ముందు మొదలైన వాయిదా వీడు బడికెళ్లేలోపు మాఫీ అయింది! పంట రుణం మాఫీ చేయమంటే ఆర్థిక వ్యవస్థ కూలుతుందని పాఠాలు చెప్పేవాళ్లు, ఒక పిల్లాడి ఊపిరి మీద కంపెనీలకున్న బాకీని ఒక్క సంతకంతో కొట్టేశారు. దీనికి పర్యావరణం అని పేరు పెట్టడానికి నోరెలా వచ్చింది?

అమెరికాలోని యూటా లోయలో ఒక ఉక్కు కర్మాగారం 1986–87లో కార్మిక వివాదంతో ఏడాది పాటు మూతపడింది. ఆ చలికాలం ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య పడిపోయింది. ఫ్యాక్టరీ తెరిచాక మళ్లీ రెండు మూడు రెట్లైంది. కొత్త మందు రాలేదు, కొత్త డాక్టరు రాలేదు. కార్మిక సంఘం వైద్యం చేసిందన్నమాట. మన దగ్గరా 2020 ఏప్రిల్‌లో, అన్నీ మూతపడ్డాక, జలంధర్ జనం మేడలెక్కి హిమాలయాలు చూశారు. బొగ్గు తగ్గిస్తే భూతాపం సంగతి మనవళ్లు చూస్తారేమో, ఊపిరి సంగతి మాత్రం అదే ఊళ్లో అదే చలికాలంలో తేలిపోతుంది.

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. ఈసారి వడియాలు మేడ మీద పెట్టలేదట, గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టిందట. "మన ఊరికీ పట్నానికీ ఎంత దూరంరా?" అనడిగింది. చెప్పాను. "అయితే వీణ్ణి మీ ఇంట్లో ఉంచుకో, సంక్రాంతి దాకా" అంది. వెనక నుంచి నెబ్యులైజర్ వినిపిస్తోంది.