రీలు తిరగబడ్డ ర్యాప్

గరాజ్ సేల్‌లో డాలరుకి మూడు హిప్ హాప్ క్యాసెట్ సింగిల్స్ అంటే ఆగేవాడెవడు? 1990ల మొదట్లో అమెరికా మ్యూజిక్ షాపుల్లో అట్ట తొడుగులో పెట్టి అమ్మిన సరుకు. ఒకే పాట, ఓసారి మాటలతో, ఓసారి మాటల్లేకుండా ఉత్త బీటు. చాలా వాటిలో రెండు వైపులా అదే రికార్డు చేసేవారు, తిప్పి పెట్టుకునే శ్రమ మనకెందుకని. ఆ మంచితనమే నిన్న రాత్రి ఒక పెద్దమనిషి పరువు తీసింది. ఆయనెవరన్నది ఇక్కడ అప్రస్తుతం.

అమ్మినాయన "టెస్ట్ చెయ్యలేదు" అని చీటీ అంటించాడు. టెస్ట్ చేశాడు, సరిగ్గా పాడలేదు అని దానర్థం.

పాత క్యాసెట్ గొంతు పూడుకుపోతే ముందు చూడాల్సింది ప్రెషర్ ప్యాడ్. క్యాసెట్ నోటి మధ్యలో సన్నటి రేకు స్ప్రింగు మీద అంటించిన ఫెల్ట్ ముక్క అది. రీలుని హెడ్‌కి, అంటే డెక్‌లో పాటని చదివే భాగానికి, ఒత్తిపట్టేది అదే. ముప్పై ఏళ్ళకి జిగురు ఎండి ఊడిపోతుంది. మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి కొత్త ప్యాడ్ పెట్టడం పది నిమిషాల పని. ఈ సింగిల్‌కి స్క్రూలే లేవు. నాలుగు డబ్బులు మిగులుతాయని రెండు ప్లాస్టిక్ చిప్పల్నీ కరిగించి అతికించేసిన మహానుభావులు ఏ లోకంలో ఉన్నారో గానీ, బ్లేడు జారిన వేలు వాళ్ళని ఇంకా తలుచుకుంటూనే ఉంది. అంచు వెంట కోసి, రెండు రీలు చుట్టల్నీ చక్రాలతో సహా ఎత్తి, స్క్రూలున్న ఇంకో ఖాళీ డొక్కులో కూర్చోబెట్టాలి. ఈ బదిలీలో ఎడమ చుట్ట చేతిలోంచి జారి కార్పెట్ మీద పడింది. అదృష్టవశాత్తూ విడిపోలేదు. తీసి పెట్టారు. ఏ వైపు పైకి ఉందో చూడలేదు.

డొక్కు బిగించారు. బావమరిది భోజనానికొచ్చాడు. ప్లే నొక్కారు.

మొదలైంది. పియానో మెట్టు నొక్కితే శబ్దం టక్కున పుట్టి మెల్లగా ఆరిపోవాలి కదా. ఇందులో అది ఎక్కడో దూరాన పుట్టి, ఉబ్బుకుంటూ ఉబ్బుకుంటూ వచ్చి, పీక నొక్కినట్టు ఆగిపోతోంది. ధబ్ మనాల్సిన డ్రమ్ము, వేడి పులుసు జుర్రినట్టు "ఉస్స్‌ప్" అని లోపలికి పీల్చుకుంటోంది. అంతా దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది.

"ఇదేంటి బావా, ఇలా ఉంది?"

అడక్కుండా ఉండాల్సింది. అడిగాడు కాబట్టి పెద్దమనిషి హిప్ హాప్ పుట్టినరోజని చెప్పుకునే 1973 ఆగస్టు 11కి వెళ్ళారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు బిల్డింగు, డీజే కూల్ హెర్క్ చెల్లెలు పెట్టిన పార్టీ, అక్కణ్ణుంచి రికార్డు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ళ మీద ఒకే రికార్డు పెట్టి డ్రమ్ముల ముక్కనే సాగదియ్యడం, ఆ తర్వాత గ్రాండ్ విజర్డ్ థియోడోర్ అనే ఇంకో డీజే రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ తోసి ఆ రాపిడినే సంగీతం చెయ్యడం. "ఇప్పుడు నువ్వు వింటున్నది ఆ స్క్రాచింగే. చెవి అలవాటు పడాలి."

బావమరిది చెవి అలవాటు చేసుకుంటూ ఇంకో గరిటె పప్పు వడ్డించుకున్నాడు. నాలుగు నిమిషాలు తల కూడా ఊపాడు, పాపం.

అప్పుడు గొంతు వచ్చింది.

"ఇది రష్యనా బావా?"

ఎడమ చుట్టని తలకిందులుగా పెడితే జరిగేది ఇదే. పాట రికార్డయి ఉండే అయస్కాంత పూత హెడ్ వైపు కాకుండా లోపలికి తిరుగుతుంది. హెడ్ ఆ పూతని ప్లాస్టిక్ పొర వెనకనుంచి వింటుంది. వెంట్రుకకన్నా సన్నని ఆ ఎడానికే పైస్థాయి శబ్దాలన్నీ చచ్చిపోతాయి. రీలు వెడల్పులో ఒక సగం ఈ వైపుది, ఇంకో సగం అవతలి వైపుది. పై అంచు కిందికొస్తుంది కాబట్టి హెడ్ చదివేది అవతలి వైపుని, అదీ చివర్నుంచి మొదటికి. ముందు ఉత్త బీటు వెనక్కి, తర్వాత మాటల పాట వెనక్కి. రెండు వైపులా వేరే పాటలుంటే మొదటి నిమిషంలోనే అనుమానం వచ్చేది.

ఈ జ్ఞానమంతా పెద్దమనిషికి ఒక్క క్షణంలో కలిగింది. బయటికి మాత్రం "ఒక్క నిమిషం, మొదట్నుంచి పెడతా" అని రివైండ్ నొక్కారు.

తిరగబడ్డ చుట్టకి రివైండ్ అంటే చుట్టుకోవడం కాదు, విప్పుకోవడం. ఎడమ చక్రం గిర్రున తిరిగి రీలుని కక్కుతోంది, అందుకునే నాథుడు లేడు. స్టాప్ నొక్కి మూత తెరిచేసరికి రీలుని లాగే రబ్బరు చక్రం, అదే పించ్ రోలర్‌కి మూడు చుట్లు, మిగతాది సేమ్యాలా టేప్ డెక్ నోట్లోంచి పళ్ళెం దాకా వేలాడుతోంది.

బావమరిది పప్పన్నం ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు.

"ఇదీ స్క్రాచింగేనా బావా?"