మోర్మన్లతో మన పేచీ దేవుడి గురించి, పెళ్లాల గురించి కాదు

తెలుగు విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. "తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్లతో ఇద్దరిద్దరుగా వచ్చే మోర్మన్లతో జాగ్రత్త" అని మొదలై ఆరు మాటలు చెబుతుంది. వీళ్లు యేసును నమ్మరు, జోసెఫ్ స్మిత్‌ను పూజిస్తారు. బైబిలును పక్కనపడేసి సొంత బైబిలు రాసుకున్నారు. ఇప్పటికీ ఒక్కొక్కడికి నలుగురైదుగురు పెళ్లాలు. యేసు, సాతాను అన్నదమ్ములంటారు. క్రైస్తవ సంఘాలన్నీ వీళ్లను వెలివేశాయి. కాబట్టి గుమ్మం తొక్కనివ్వకండి, 2 యోహాను 10వ వచనం అలాగే చెబుతోంది. కింద "పదిమందికి పంపండి" అని ఉంటుంది.

నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. మోర్మన్లంటే జోసెఫ్ స్మిత్ అమెరికాలో స్థాపించిన సంఘంవాళ్లు. వాళ్ల బోధ అపొస్తలులు అప్పగించిన బోధ కాదని గట్టిగా నమ్ముతాను. ఆ కారణం ఇక్కడే రాస్తాను. అయినా ఈ సందేశాన్ని చూస్తూ ఊరుకోలేను. ఇందులో కొన్ని పచ్చి అబద్ధాలు, కొన్ని సగం నిజాలు ఉన్నాయి. అసలు చెప్పాల్సిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. పైగా ఇది ఎక్కడో అమెరికాలో, ఆ సంఘపు కేంద్రమున్న యూటా రాష్ట్రంలో ఉన్నవాళ్ల గురించి కాదు. సమోవాలో ఉంటూ ఆ సంఘంలో చేరిన తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. భారతదేశంలో ఆ సంఘపు తొలి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన ప్రాంతీయ విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. విశాఖపట్నంలో, రాజమహేంద్రవరంలో కూడా వాళ్లున్నారు. మనం పంపే మాట మన ఊరివాళ్ల మీద పడుతోంది.

మొదటి మాట, యేసును నమ్మరని. ఇది అబద్ధం. ఆ సంఘం అసలు పేరే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. "మోర్మన్" బయటివాళ్లు పెట్టిన పేరు. దాన్ని వాడొద్దని 2018లో వాళ్ల అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా కోరాడు కూడా. (పాఠకులకు తెలిసిన పేరు కాబట్టి ఇక్కడ మోర్మన్లనే రాస్తున్నాను.) యేసు కన్యకకు పుట్టాడని, మన పాపాల కోసం బాధపడి సిలువ మీద చనిపోయాడని, మూడో రోజున దేహంతో లేచాడని, మళ్లీ వస్తాడని వాళ్లు ఒప్పుకుంటారు. ప్రతి ప్రార్థననూ యేసు నామంలోనే ముగిస్తారు.

జోసెఫ్ స్మిత్‌కు ప్రార్థన చేసే మోర్మన్ ఒక్కడూ ఉండడు. వాళ్ల దృష్టిలో అతడు ప్రవక్త. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో సంఘాన్ని స్థాపించాడు, 1844 జూన్ 27న కార్తేజ్ జైలు మీద పడిన గుంపు చేతిలో చనిపోయాడు. అయితే వాళ్ల "సిద్ధాంతము మరియు నిబంధనలు" గ్రంథం 135వ ప్రకరణంలో, మనుషుల రక్షణ కోసం యేసు తప్ప ఈ లోకంలో బతికిన ఏ మనిషీ చేయనంత జోసెఫ్ చేశాడని ఉంది. పౌలును, పేతురును దాటించి అతణ్ణి కూర్చోబెట్టే ఆ వాక్యం నాకు మింగుడుపడదు. ఎవరికీ ఇవ్వకూడనంత గౌరవం అది. ఆ విమర్శ చేయండి, న్యాయం. పూజిస్తారని మాత్రం రాయకండి.

రెండోది, బైబిలు పారేశారని. అమెరికాలో వాళ్లు చదివేది కింగ్ జేమ్స్ బైబిలు. 1979లో దాన్ని తమ పాదసూచికలతో ముద్రించుకున్నారు. తెలుగులో ఆ సంఘం వేరే బైబిలు వేయలేదు. జోసెఫ్ స్మిత్ రాసిన 13 విశ్వాస సూత్రాల్లో ఎనిమిదోది, బైబిలు సరిగ్గా అనువదించబడినంత మేరకు దేవుని వాక్యమని, మోర్మన్ గ్రంథం కూడా దేవుని వాక్యమని చెబుతుంది. బైబిలుకు పెట్టిన షరతు మోర్మన్ గ్రంథానికి పెట్టలేదన్నది గమనించాలి. ఈ రెండూ కాక వాళ్లకు ఇంకో రెండు లేఖనాలున్నాయి: "సిద్ధాంతము మరియు నిబంధనలు", "అమూల్యమైన ముత్యము".

ఇక్కడ మనవాళ్లు ప్రకటన 22:18 ఎత్తి చూపుతారు, ఈ గ్రంథానికి ఏదీ కలపకూడదని. ఆ వాదన నిలవదు. ద్వితీయోపదేశకాండం 4:2లో మోషే కూడా సరిగ్గా అదే హెచ్చరిక చేశాడు. అది తర్వాత వచ్చే లేఖనాలన్నిటికీ అడ్డు అయితే యెషయా ఉండకూడదు, మత్తయి ఉండకూడదు. ఆ రెండు హెచ్చరికలూ చేతిలో ఉన్న ఆ గ్రంథాన్ని మార్చొద్దనే. చదువుకున్న మోర్మన్ యువకుడు ఈ జవాబు ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు, మనం తెల్లముఖం వేయాలి.

అడగాల్సింది వేరే ఉంది. కొత్త లేఖనమని ముందుకు తెచ్చినది పరీక్షకు నిలుస్తుందా? మోర్మన్ గ్రంథం యెరూషలేము నుంచి క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో అమెరికా చేరిన ఒక కుటుంబం గురించి, వాళ్ల నుంచి పెరిగిన జాతుల గురించి, పునరుత్థానం తర్వాత యేసు వాళ్లకు ప్రత్యక్షం కావడం గురించి చెబుతుంది. ఆ జాతుల నగరాలు గానీ రాతలు గానీ పురావస్తు శాస్త్రానికి దొరకలేదు. పాతకాలపు ముందుమాటలో వాళ్లు అమెరికా ఆదివాసులకు "ప్రధాన" పూర్వీకులని ఉండేది. తర్వాత దాన్ని "పూర్వీకుల్లో కొందరు" అన్న అర్థం వచ్చేలా మార్చారు.

ఇంకా బలమైన ఉదాహరణ "అమూల్యమైన ముత్యము"లో ఉన్న అబ్రాహాము గ్రంథం. 1835లో ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో ఈజిప్టు మమ్మీలతో పాటు అమ్మకానికి వచ్చిన పపైరస్ చుట్టలను మోర్మన్లు కొన్నారు. అందులో అబ్రాహాము రాతలున్నాయని జోసెఫ్ స్మిత్ ప్రకటించి అనువాదం మొదలుపెట్టాడు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలిగినవాళ్లు లోకంలోనే అతి కొద్దిమంది. షికాగో అగ్నిప్రమాదంలో ఆ చుట్టలన్నీ కాలిపోయాయని చాలాకాలం అనుకున్నారు. కానీ 1960ల్లో కొన్ని ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడ్డాయి. చదివిచూస్తే అవి చనిపోయినవాళ్ల సమాధిలో పెట్టే ఈజిప్టు మంత్రపాఠాలు. అబ్రాహాము ఊసే లేదు. ఆ ముక్కల్లోని పాఠం అబ్రాహాము గ్రంథంతో సరిపోలదని సంఘమే తన వెబ్‌సైటులో వ్యాసం రాసి ఒప్పుకుంది. అక్షరాలా అనువాదం కాకపోయినా దైవప్రేరణతో వచ్చిన గ్రంథమేనని, కాలిపోయిన భాగాల్లో ఏముందో తెలియదని వాళ్ల సమాధానం. నాకు ఆ సమాధానం చాలదు. ప్రవక్తగా నమ్మమన్నవాడు "ఇది ఫలానా భాష నుంచి అనువాదం" అన్నాక, మూలం దొరికి అది కాదని తేలితే, మిగతా మాటల్ని ఏ ఆధారంతో నమ్మాలి? చేతిలో ఇంత గట్టి ప్రశ్న ఉండగా సందేశం రాసినవాళ్లు "బైబిలు పారేశారు" అన్న అబద్ధాన్ని ఎంచుకున్నారు.

బహుభార్యాత్వం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. జోసెఫ్ స్మిత్ దాన్ని రహస్యంగా మొదలుపెట్టాడు, 1852లో యూటాలో సంఘం బహిరంగంగా ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం చట్టాలతో, ఆస్తుల జప్తుతో ఒత్తిడి తెచ్చాక 1890లో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ కొత్త పెళ్లిళ్లు ఆపమన్నాడు. 1904లో రెండో ప్రకటనతో, చేసుకున్నవాళ్లను వెలివేయడం మొదలైంది. ఈనాడు రెండో భార్యను తెచ్చుకున్నవాడికి ఆ సంఘంలో చోటు లేదు. టీవీలో కనిపించే పొడుగు గౌన్ల కుటుంబాలు దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపులవి. 2011లో టెక్సస్‌లో జైలు శిక్ష పడిన వారెన్ జెఫ్స్ అలాంటి గుంపు నాయకుడే. అయినా బహుభార్యాత్వాన్ని దేవుడి ఆజ్ఞగా చెప్పిన 132వ ప్రకరణం వాళ్ల లేఖనంలో ఇప్పటికీ ఉంది. దాని గురించి అడగొచ్చు. మన హైదరాబాదు మోర్మన్ కుటుంబాన్ని పట్టుకుని నీకెంతమంది పెళ్లాలనడం అవమానించడమే.

నాలుగోది యేసు, సాతాను అన్నదమ్ములన్న మాట. ఇది కల్పన కాదు. 2007లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ అభ్యర్థి మైక్ హకబీ ఇదే ప్రశ్న బయటికి అనేసి, తర్వాత మోర్మన్ అయిన పోటీ అభ్యర్థి మిట్ రామ్నీకి క్షమాపణ చెప్పుకున్నాడు. మోర్మన్ల బోధ ప్రకారం మనుషులందరూ, దూతలందరూ పుట్టకముందే పరలోకపు తండ్రికి ఆత్మ రూపంలో పిల్లలు. వాళ్లలో యేసు జ్యేష్ఠుడు, లూసిఫరు తిరగబడి పడిపోయినవాడు. ఆ లెక్కన ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. కానీ సందేశం ఈ మాటను, వాళ్లు యేసును సాతానుతో సమానం చేస్తున్నారన్నట్టు వాడింది. వాళ్లు అలా అనరు. యేసు వాళ్లకు రక్షకుడు, సాతాను శత్రువు.

ఈ మాటను తిట్టుగా కాక తీగగా పట్టుకుని లాగితే మనకూ వాళ్లకూ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. తండ్రికి మాంసము, ఎముకలు ఉన్న దేహం ఉందని "సిద్ధాంతము మరియు నిబంధనలు" 130వ ప్రకరణం చెబుతుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వేర్వేరు వ్యక్తులు, ఉద్దేశంలో ఒక్కటి, తత్త్వంలో ఒక్కటి కాదు. దేవుడు శూన్యం నుంచి సృష్టించలేదు, ముందే ఉన్న పదార్థాన్ని క్రమంలో పెట్టాడు. మనిషిలోని తెలివి సృష్టించబడింది కాదు, అనాదిగా ఉన్నది. 1844 ఏప్రిల్‌లో, చనిపోవడానికి రెండున్నర నెలల ముందు, జోసెఫ్ స్మిత్ నావూలో చేసిన ప్రసంగంలో దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటివాడేనని, మనమూ దేవుళ్లం కావడం నేర్చుకోవాలని చెప్పాడు. ఈనాటి సంఘం ఆ మొదటి సగం గురించి ఎక్కువ మాట్లాడదు. రెండో సగం, మనిషి దేవునిలా ఎదగగలడన్నది, వాళ్ల బోధకు గుండె.

అంటే వాళ్ల లెక్కలో దేవుడికీ మనిషికీ మధ్య ఉన్నది స్వభావంలో తేడా కాదు, ఎదుగుదలలో తేడా. క్రీస్తుశకం 325లో నైసియా పట్టణంలో సంఘ పెద్దలు కూర్చుని కుమారుడు పుట్టించబడ్డవాడే గాని చేయబడ్డవాడు కాడని, తండ్రితో ఏకతత్త్వమని తేల్చిందీ, మోర్మన్లు చెప్పేదీ ఒకచోట ఇమడవు. నైసియా గ్రీకు తత్త్వశాస్త్రాన్ని బైబిలులోకి చొప్పించిందని వాళ్ల వాదన. నేను యోహాను సువార్త దగ్గరికే వెళ్తాను: "సమస్తమును ఆయన మూలముగా కలిగెను, కలిగియున్నదేదియు ఆయన లేకుండ కలుగలేదు." కలిగిన ప్రతిదీ ఆయన చేసిందే అయితే సాతాను కూడా ఆయన చేతిపనే. చేసినవాడికీ చేయబడినవాడికీ అన్నదమ్ముల వరస కుదరదు. ఇది గ్రీకు తత్త్వం కాదు, సువార్తలోని మొదటి పుట.

ఒకటి మాత్రం మనవాళ్లకు చెప్పాలి. మన సంఘాల్లో త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ గురించి, సండేస్కూల్లో ఎంత నేర్పుతున్నాం? "ముగ్గురు దేవుళ్లు కలిసి ఒక్కటి" అని అమాయకంగా చెప్పే విశ్వాసులు ప్రతి సంఘంలో ఉన్నారు. అలాంటివాడి దగ్గరికి మోర్మన్ యువకుడు వచ్చి అదే మాట కొంచెం పద్ధతిగా చెబితే, తేడా ఏమిటో వాడికెలా తెలుస్తుంది?

ఐదోది, సంఘాలన్నీ వెలివేశాయని. 2001లో వాటికన్, మోర్మన్ల బాప్తిస్మం చెల్లుతుందా అన్న ప్రశ్నకు చెల్లదని జవాబిచ్చింది. లూథరన్ల బాప్తిస్మాన్ని, బాప్టిస్టుల బాప్తిస్మాన్ని ఒప్పుకునే సంఘమే ఇది. మోర్మన్లు కూడా తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోనే నీళ్లలో ముంచుతారు, కానీ ఆ పేర్లతో వాళ్లు పిలిచే దేవుడు వేరని కారణం. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టులు అంతకు ముందు ఏడాదే అలాంటి నిర్ణయానికి వచ్చారు. ఇంతవరకు నిజం. కానీ వెలివేయాలంటే ముందు లోపల ఉండాలి. 1820లో తనకు దర్శనం కలిగిందని, ఏ సంఘంలోనూ చేరవద్దని, వాటి విశ్వాస ప్రమాణాలన్నీ హేయమని అందులో విన్నానని జోసెఫ్ స్మిత్ రాశాడు. మొదటి రోజు నుంచే వాళ్లు మన సంఘాలను సరిచేయడానికి కాదు, పోయిన సంఘాన్ని మళ్లీ స్థాపించడానికి వచ్చామన్నారు. నా బాప్తిస్మాన్నీ వాళ్లు ఒప్పుకోరు. నేను చేరితే మళ్లీ ముంచుతారు. కాబట్టి ఇది రెండు వైపుల నుంచీ ఉన్న గోడ.

జోసెఫ్ స్మిత్ వారసుల్లోనే అందరూ ఒక దారిలో లేరు. అతని కొడుకు 1860లో నాయకత్వం వహించిన శాఖ ఇప్పుడు "కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్" పేరుతో త్రిత్వాన్ని ఒప్పుకుంటుంది. 2010లో అమెరికా జాతీయ సంఘాల సమాఖ్యలో చేరింది కూడా. యూటాలోని సాల్ట్ లేక్ కేంద్రంగా ఉన్న ప్రధాన సంఘం విషయంలో అమెరికన్లే తేల్చుకోలేదు. 2011లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే 51 శాతం మోర్మన్ మతం క్రైస్తవమేనన్నారు, 32 శాతం కాదన్నారు. మోర్మన్లనే అడిగితే 97 శాతం అవునన్నారు. నా మాట అడిగితే, యేసును ప్రేమించి వెంబడించాలనుకునే మనుషులుగా వాళ్లను నేను కాదనను. క్రీస్తు నుంచి బయలుదేరిన చరిత్రలోనే వాళ్ల చరిత్ర ఉంది. అయితే నైసియా నాటి నుంచి సంఘం ఒప్పుకుంటూ వచ్చిన విశ్వాసంలో వాళ్ల బోధకు చోటు లేదు. ఈ రెంటిలో ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం తప్పని నా అభిప్రాయం.

ఇక 2 యోహాను. 10వ వచనాన్ని ఎత్తినవాళ్లు 7వ వచనం కూడా చదవాలి. యోహాను హెచ్చరించింది యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని వంచకుల గురించి. మోర్మన్లు ఆ ఒక్కదాన్నీ నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటారు. తండ్రికి కూడా శరీరం ఉందనేవాళ్ల మీద, శరీరాన్ని కాదన్నవాళ్ల కోసం రాసిన వచనాన్ని ప్రయోగించడం ఎలా కుదురుతుంది? పైగా ఆ రోజుల్లో బోధకులు ఇళ్లలోనే బస చేసి, ఇళ్లలో కూడిన సంఘాలకే బోధించేవారు. గుమ్మంలో నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడికి మంచినీళ్లు ఇవ్వొద్దని దాని అర్థం కాదు.

కూర్చోబెట్టండి. టీ ఇవ్వకండి, వాళ్లు టీ, కాఫీ తాగరు. యెషయా 43:10 తీసి చదవమనండి: "నాకు ముందుగా ఏ దేవుడును నిర్మింపబడలేదు, నా తరువాత ఏ దేవుడు నుండడు." అది విగ్రహాలను ఉద్దేశించి, ఈ లోకం మట్టుకే చెప్పిందని అతను జవాబిస్తాడు. 1 కొరింథీ 8:5 కూడా అతనే చూపించి, దేవతలు అనేకులున్నారని అక్కడ ఉందిగా అనొచ్చు. అప్పుడు ఆ అధ్యాయంలోనే 4, 6 వచనాలు కలిపి చదవండి. మన వాదం అక్కడ మొదలవుతుంది.