సొంత వెబ్‌సైట్ దండగ అనే మెసేజ్ గురించి

"డెవలపర్‌కి సొంత వెబ్‌సైట్ దండగ, డబ్బులు బొక్క, ఎవురూ చూడరు, కొత్త టెక్నాలజీలు ఆఫీసులోనే నేర్చుకోవచ్చు, మిగతాది ఏఐ రాసిస్తది" అని ఒక మెసేజ్ మా నెల్లూరు గ్రూపులన్నిట్లో తిరగతా ఉంది. కాలేజీ పిల్లకాయలు అది నమ్మేసి ఉన్న సైట్లు కూడా తీసేస్తా ఉండారు, అందుకే రాస్తున్నా.

డబ్బుల సంగతి ఒక్క ముక్కలో తేలిపోద్ది. మన కోడ్‌ని వెబ్‌సైట్‌గా పెట్టే గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసు 2008 నుంచీ ఉంది, పబ్లిక్ రిపో (అందరికీ కనపడే కోడ్ ఫోల్డర్) అయితే ఫ్రీ, హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కి భద్రమైన కనెక్షన్) కూడా వాళ్లే ఇస్తారు. సొంత డొమైన్ (మన పేరుతో సైట్ అడ్రసు) కావాలంటేనే ఖర్చు.

ఆఫీసులో నేర్చుకోవచ్చు అంటున్నారే, క్లయింట్ సైట్ మీద ప్రయోగాలు ఎవురు చేయనిస్తారు? పేజీని గళ్లుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లలోకి వచ్చింది 2017 మార్చిలో, వెబ్ డిజైనర్ జెన్ సిమ్మన్స్ అయితే అంతకు ముందు 2016లోనే సొంత సైట్‌లో ల్యాబ్ పెట్టి గ్రిడ్ డెమోలు చేసి చూపించారు.

నా సంగతే చెప్తా. కావలి దగ్గర మా నాయనకి రొయ్యల గుంటలు ఉన్నాయి, కట్ట మీద సిగ్నల్ ఉండదు, ఏ గుంటకి ఎన్ని కేజీలు మేత వేశాడో రాసుకోడానికి నా సైట్‌లోనే ఒక పేజీ చేశా, సర్వీస్ వర్కర్ (పేజీని ఫోన్లో దాచిపెట్టే చిన్న స్క్రిప్ట్) పెడితే నెట్ లేకపోయినా తెరుచుకుంటది, లెక్కలు ఇండెక్స్‌డ్‌డీబీ అనే బ్రౌజర్ స్టోరేజీలో ఫోన్లోనే ఉంటాయి. బాగానే నడిచింది. తర్వాత చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మిగిలిన మేత రాసే గడి ఒకటి కలిపితే రెండ్రోజులైనా నాయన ఫోన్లో పాత పేజీనే, రీలోడ్ కొట్టినా అంతే! చూస్తే కొత్త సర్వీస్ వర్కర్ దిగింది గానీ, పాతదాని ట్యాబ్‌లన్నీ మూసేదాకా అది వెయిటింగ్‌లోనే కూర్చుంటది, మా నాయనేమో ట్యాబ్ అనేది ఎప్పుడూ మూయడు. "కొత్తది వచ్చింది, నొక్కు" అని బటన్ పెట్టి, నొక్కితే స్కిప్‌వెయిటింగ్ (ఆగకుండా కొత్తదాన్ని పనిలోకి దించే ఆదేశం) పిలిచి పేజీ రీలోడ్ అయ్యేలా చేశా. ఆర్నెల్లకి ఆఫీసులో ఇదే తగులుకుంది, అందరూ సర్వర్ని అనుమానిస్తుంటే నేను అరగంటలో తేల్చా.

ఎవురూ చూడరంటారా, చూడకపోనీండి, నేర్చుకునేది మనం కదా. అయినా ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది ఈ పేజీ గురించే.

ఇక ఏఐ. నేనూ వాడతా, మంచిదే. కానీ హెడ్డింగ్‌కి అది లైన్‌హైట్ (అక్షరాల వరస ఎత్తు) 1.2 ఇచ్చి, అది దాటి పొంగింది దాచేయమని రాసింది, ఇంగ్లీషుకి సరిపోద్ది, తెలుక్కి చాల్దు. "రొయ్యల కింద య వత్తు తెగిపోయింది చూడబ్బయ్యా" అని ఫోన్ చేసింది నాయనే. 1.7కి పెంచితే గానీ కుదర్లేదు. ఎండలో, కట్ట మీద, పాత ఫోన్లో చూస్తేనే బయటపడే సంగతులివి.

సైట్ తీసేసినోళ్లు రిపో డిలీట్ చేయకుండా ఉంటే సెట్టింగ్స్‌లోకి పోయి పేజెస్ మళ్లీ ఆన్ చేయండి, రెండు నిమిషాల పని.