33వ జట్టు ఘనకార్యం

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2025లో 12 ఆటలాడి 8 ఓడిపోయిందని ఆడిపోసుకుంటున్నవారు, ఆ జట్టు ముందుగా ఇచ్చిన మాటను సరిగా వినలేదని నా దృఢాభిప్రాయం. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు 6 సూపర్ బౌల్‌లు, అంటే ఆ లీగు ఫైనళ్లు, గెలిపించిన కోచ్ బిల్ బెలిచిక్‌ను ఏడాదికి కోటి డాలర్ల జీతానికి తెచ్చుకున్నప్పుడు, ఆయన వెంట జనరల్ మేనేజరుగా వచ్చిన మైకేల్ లొంబార్డీ తమది ఎన్‌ఎఫ్‌ఎల్‌కు 33వ జట్టు అని స్పష్టంగానే ప్రకటించారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. 33వది వరుసలో ఎక్కడ నిలబడుతుందో ఎక్కాలు వచ్చినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ నియామకంలోని దూరదృష్టిని కూడా గుర్తించాలి. పాత కోచ్, 73 ఏళ్ల మాక్ బ్రౌన్ పెద్దవారైపోయారు కాబోలు, ఆయనను సాగనంపి, అంతవరకూ కాలేజీ జట్టుకు ఒక్కరోజైనా కోచ్‌గా పనిచేయని 72 ఏళ్ల యువకుడికి పగ్గాలప్పగించారు. బ్రౌన్‌కు ఉద్వాసన చెప్పిన ఏడాది జట్టు 6 గెలిచి 7 ఓడింది. కొత్త కోచ్ వచ్చాక గెలుపులు నాలుగయ్యాయి, అంటే ఒక్కొక్కటి 25 లక్షల డాలర్లు పలికింది. సరుకు తగ్గితే ధర పెరుగుతుందని అర్థశాస్త్రం బోధించే విశ్వవిద్యాలయం దానిని స్వయంగా ఆచరించి చూపితే తప్పేమిటి?

సెప్టెంబర్ 1న మైకేల్ జోర్డాన్ అంతటివాడు వచ్చి కూర్చున్న తొలి ఆటలో, బంతి చేతికందిన మొదటిసారే దాన్ని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేసిన ఈ జట్టు, ఆ వెంటనే అతిథి మర్యాద గుర్తుకు వచ్చినట్లు టెక్సస్ క్రిస్టియన్ జట్టుకు వరుసగా 41 పాయింట్లు సమర్పించుకుని 48-14తో ఓడింది. అక్టోబర్‌లో క్లెమ్సన్ జట్టు మొదటి క్వార్టర్‌లోనే, అంటే ఆటలో తొలి పావు భాగంలోనే, 28-3 ఆధిక్యానికి చేరినప్పుడు పాత అభిమానులకు ఒళ్లు పులకరించి ఉండాలి. 2017 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో అట్లాంటా చేతిలో సరిగ్గా 28-3తో వెనుకబడి, చివరికి 34-28తో గెలిచింది బెలిచిక్ జట్టే కదా! చరిత్ర సగం వరకు తు.చ. తప్పకుండా పునరావృతమయింది. మిగతా సగానికి నాడు ఆ జట్టును నడిపించిన ఆటగాడు టామ్ బ్రేడీ కావాలి, ఆయన కోటి డాలర్ల లెక్కలో లేరు. ఆట 38-10తో ముగిసింది.

కాలిఫోర్నియాతో 21-18, వర్జీనియాతో ఓవర్‌టైమ్‌లో 17-16 తేడాతో పోయిన ఆటలను నేను లెక్కలోకి తీసుకోను. గెలుపు అంచుదాకా వెళ్లి వెనుదిరగడం నిగ్రహానికి నిదర్శనమే గాని ఓటమి కాదు. పక్కనే కేరీ, మోరిస్‌విల్‌లలో స్థిరపడిన మన తెలుగువారి దృష్టి ఈ విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్‌లో కాలేజీ సీటు మీదే గాని స్టేడియంలో సీటు మీద ఉండదు కనుక, వారు ఈ పరీక్షను నిబ్బరంగానే ఎదుర్కొని ఉంటారు.

సీజన్ ముగిశాక అత్త మీద కోపం దుత్త మీద చూపిన చందాన, దాడి వ్యూహాలు రచించే ఫ్రెడ్డీ కిచెన్స్‌ను తొలగించారు. రక్షణ విభాగం చూసే స్టీవ్ బెలిచిక్ జోలికి మాత్రం, చివరి ఆటలో పొరుగు విశ్వవిద్యాలయమైన ఎన్‌సీ స్టేట్ 42 పాయింట్లు దండుకుపోయినా, ఎవరూ వెళ్లలేదు. ఆయన ప్రధాన కోచ్ కుమారుడు మాత్రమే కాదు, ఆయన తాతగారు కూడా 1950లలో ఇదే విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్‌గా పనిచేశారు. మూడు తరాల మిరాసీని ఒక్క సీజన్ పంట చూసి రద్దు చేస్తారా ఎవరైనా?